రెండు పొయ్యిల ఇల్లు

ఆ యేడు మా కౌంటీలో పండినవి రెండే: ముళ్ళ మొక్కలు, ఉపన్యాసాలు. ముళ్ళ మొక్కల్ని కోసి ఆవులకి వేశాం. ఉపన్యాసాల్ని ఏం చేసుకోవాలో మాత్రం ఎవరికీ పాలుపోలేదు.

పంతొమ్మిది వందల ముప్ఫై నాలుగు. నెబ్రాస్కాలో ఎండలు కొత్తేం కాదు గానీ, ఆ వేసవి మా కోళ్ళు నోళ్ళు తెరుచుకుని నిలబడ్డచోటే కూలబడ్డాయి. మొక్కజొన్న మోకాలెత్తు ఎదిగి, జూలై కల్లా కాయితంలా తెల్లబడిపోయింది. పొద్దున లేచి దిండు ఎత్తితే తల పెట్టుకున్న మేర తప్ప మిగతా అంతా దుమ్ము. అట్లాంటి యేడు నాకు పెళ్ళి కుదిరింది. కుదరడమంటే ఒకసారి కాదు, రెండుసార్లు కుదిరింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

మాది న్యూ పీసెక్. ఊరంతా చెక్‌వాళ్ళమే. మావాళ్ళలో కొడుక్కి పెళ్ళయి పొలం చేతికి తీసుకున్నాక, పెద్దవాళ్ళు పెద్దిల్లు ఖాళీ చేసి అదే పెరట్లో చిన్నింట్లోకి మారతారు. పొయ్యి వేరు, కుండా చట్టీ వేరు. పెద్దింట్లో మా అమ్మ రుజేనా రాజ్యం. చిన్నింట్లో నాన్నమ్మ రాజ్యం. మధ్యలో నలభై అడుగుల పెరడు. అమ్మ కాపురానికొచ్చిన పాతికేళ్ళలో వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్న మాటలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కోపతాపాలేం లేవు. "మీ నాన్నమ్మతో చెప్పు," అని అమ్మ అంటుంది. "మీ అమ్మతో చెప్పు," అని నాన్నమ్మ అంటుంది. నాతో చెప్పకూడని మాటలుంటే నాన్నతో చెప్పి పంపేవారు. ఆయన ఆ పెరట్లో రోజుకి పదిసార్లు నడిచేవారు. సూప్ తల్లి దగ్గర, పిండిముద్దలు పెళ్ళాం దగ్గర. ఒకచోట తక్కువ తింటే రెండోచోట ఎక్కువ తిన్నట్టే కదా, అందుకని రెండుచోట్లా కడుపునిండా తినేవారు. ఆ పొట్ట ఊరికే రాలేదు.

నాన్న వోయ్తెక్ హ్రూష్కా. లింకన్‌లో వందమంది కూర్చునే ప్రతినిధుల సభలో మా కౌంటీ సభ్యుడు. అంతకుముందు ఆయన తండ్రి అదే సభలో కూర్చున్నాడు. పైన ముప్ఫై ముగ్గురి సెనేట్ ఒకటి ఉండేది గానీ, మా ఇంట్లో దాన్ని సభ అనేవారు కాదు, "ఆ అవతలివాళ్ళు" అనేవారు. మా ఇంట్లో సభ అంటే కింది సభే. ఆ యేడేమో కొందరు పెద్దమనుషులు బయల్దేరి ఊరూరా తిరుగుతూ, రెండు సభలెందుకు దండగ, కింది సభని తీసేసి ఒక్కటే ఉంచుదాం అంటున్నారు. నవంబరు ఎన్నికల్లో జనాన్నే తేల్చమన్నారు. తనని మళ్ళీ గెలిపించమని ఒక చేత్తో, తను కూర్చునే సభని బతికించమని ఇంకో చేత్తో, నాన్న ఆ ఎండలో పాత ఫోర్డు వేసుకుని తిరుగుతుండేవారు.

ఇక నా సంగతి. యారోమీర్ మా ఊరి మీగడ కొట్టు చూసేవాడు. శనివారం రైతులు క్యాన్లతో మీగడ తెస్తే, అందులో వెన్న ఎంతుందో పరీక్షించి చెప్పాలి. ఆ పరీక్షలో మోసం చెయ్యని కొట్టు కౌంటీ మొత్తమ్మీద అదొక్కటే అనేవారు నాన్న. మార్చి నెలలో అతనొచ్చి, టోపీ చేతిలో నలుపుకుంటూ, నన్ను చేసుకుంటానన్నాడు.

నాన్నమ్మ వెంటనే సరే అంది. "కుర్రాడు బంగారం. కాకపోతే పెళ్ళి చర్చిలో. ఆ తర్వాత ఇల్లరికం. ఇక్కడే ఉండాలి."

అమ్మా వెంటనే సరే అంది. "పిల్లాడికి వంక పెట్టేవాళ్ళకి కళ్ళుపోతాయి. కాకపోతే పెళ్ళి సోకోల్ హాల్లో, జడ్జీ గారి చేత. తర్వాత కాపురం ఎక్కడైనా పెట్టుకోనీ, ఈ పెరట్లో మాత్రం వద్దు."

సోకోల్ హాలంటే మా ఊళ్ళో కసరత్తులకీ, డాన్సులకీ, మీటింగులకీ ఉన్నది అదొక్కటే. అమ్మ పుట్టిల్లు దేవుడి జోలికి పోని ఇల్లు. నాన్నమ్మ రోజూ పొద్దున్నే జపమాల తిప్పందే కాఫీ ముట్టదు. యారోమీరేమో పండక్కి పండక్కి చర్చికెళ్ళే రకం. ఎక్కడ చేసినా అతనికి అభ్యంతరం లేదు. అసలు పెళ్ళికి ఎవరికీ అభ్యంతరం లేదు! అదే వింత. నాన్న మాత్రం ఆ కబురు ఇటూ ఈ కబురు అటూ మోస్తూ, ఎప్పుడడిగినా ఒకటే మాట అనేవారు: "పరిశీలనలో ఉందమ్మా."

మార్చి పోయింది, జూన్ పోయింది. ఆగస్టులో ఒకరోజు యారోమీర్ ఉత్తరం పట్టుకుని పెరటి గేటు దగ్గర నిలబడ్డాడు.

"కొట్టు మూసేస్తున్నారు వ్లాస్తా. గడ్డి లేక జనం ఆవుల్ని సర్కారుకి అమ్మేస్తున్నారు. ఆవే లేకపోతే మీగడెక్కడిది?"

"మరి?"

"లింకన్‌లో వెన్న ఫ్యాక్టరీవాళ్ళు రమ్మన్నారు. డిసెంబరు ఒకటికి చేరాలి. ఫ్యాక్టరీ మీదే రెండు గదులిస్తారు. కానీ పెళ్ళయినవాడే కావాలిట. కాకపోతే వేరేవాణ్ణి చూసుకుంటారు, నేను చికాగోలో అన్నయ్య దగ్గరికి పోవాలి."

చికాగో పోయినవాళ్ళెవరూ ఆ రోజుల్లో తిరిగి రాలేదు. పైగా డిసెంబరు రెండున ఆగమనకాలం మొదలు, క్రిస్మస్ దాటేదాకా చర్చిలో పెళ్ళిళ్ళు చెయ్యరు. అంటే నవంబరు నెలాఖరు దాటితే నాన్నమ్మ మాట ప్రకారమూ కాదు, ఫ్యాక్టరీ మాట ప్రకారమూ కాదు.

"పోనీ మనిద్దరం వెళ్ళి జడ్జీ ముందు సంతకం పెట్టేద్దాం," అన్నాను.

"మీ నాన్నమ్మ చేసే తీపిరొట్టెలు, ఆ కొలాచీలు లేకుండానా? అదేం పెళ్ళి?" అని నవ్వబోయి, నవ్వలేక, "మీగడలో వెన్నెంతో ఇట్టే చెప్తాను గానీ, మీ ఇంట్లో ఎవరి మాట ఎంతో తేల్చలేకపోతున్నానే," అన్నాడు.

సెప్టెంబరు చివర్లో సోకోల్ హాల్లో పెద్ద మీటింగు పెట్టారు. కిటికీలకి తడి దుప్పట్లు కట్టారు, దుమ్ము రాకుండా. నాన్న కోటు వేసుకుని వేదికెక్కి, ఆ రోజు నిజంగా బాగా మాట్లాడారు. వాళ్ళ నాన్న కాలంలో ఆ సభ ఎట్లా ఉండేదో చెప్పారు. రైలుకంపెనీల మీద పోట్లాడ్డానికి ఇల్లూ వాకిలీ వదిలి మట్టి బూట్లతో వెళ్ళి కూర్చున్న రైతుల గురించి, స్పీకరు కుర్చీ కోసం అరుపులూ కేకల మధ్య రోజులకి రోజులు బెంచీల మీదే పడుకున్న సభ్యుల గురించి చెప్పారు. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

"బండికి ఒక్క గుర్రాన్ని కడితే అదెటు లాగితే అటే పోతుంది సోదరులారా! రెండిటిని కడితే ప్రతిదీ తన దారీ చూసుకుంటుంది, పక్కదాన్నీ చూసుకుంటుంది," అన్నారు నాన్న.

చప్పట్లు మోగాయి. చప్పట్లు ఆగకముందే మూడో వరసలోంచి మా అమ్మ లేచి నిలబడింది.

"గౌరవ సభ్యులు హ్రూష్కా గారినొక ప్రశ్న అడగొచ్చా?"

మీటింగు పెద్ద అయిన మందులషాపాయన ఇబ్బందిగా దగ్గాడు. "తమరి పేరు?"

"నా పేరు నీకు తెలీదూ? నిన్ననేగా జలుబుమందుకొచ్చాను! సరే రాసుకో, రుజేనా హ్రూష్కా. గౌరవ సభ్యుల వారి పెళ్ళాన్ని."

హాలు ఘొల్లుమంది. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "అడగండి," అన్నారు, మర్యాదగా.

"కిందటిసారి మీరొక మీగడ బిల్లు పెట్టారు. రైతు కళ్ళముందే పరీక్ష చెయ్యాలని. దాన్ని మీ సభ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది. ఎనభై మందికి పైగా!"

"సెనేటు?"

"వాళ్ళూ ఒప్పుకున్నారు. కాస్త మార్చి."

"ఇద్దరూ ఒప్పుకుంటే మరి ఆ చట్టమేదండీ?"

"రెండు మాటలూ కలపాలి కదా. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు ఒక గదిలో కూర్చున్నారు."

"తలుపు తీసుకునా, వేసుకునా?"

నాన్న జేబురుమాలు తీశారు. "వేసుకునే. అది పద్ధతి."

"బయటికేం వచ్చింది?"

"ఏమీ... రాలేదు."

"ఎవరు చంపారు?"

"అది ఎవరికీ తెలీదు."

"అయితే మీ గుర్రాలు రెండున్నాయి సరే, ఒకదాన్ని బండి ముందు, ఒకదాన్ని వెనక కట్టారండీ," అంది అమ్మ. "ఇద్దరూ సరేనన్న పని ఎవరూ కాదనకుండానే చచ్చిపోవడం నేను ఇంట్లోనూ చూస్తున్నాను." అని కూర్చుంది.

హాలంతా తలలు తిప్పి నన్నూ యారోమీర్‌నీ చూసింది. నాకు నేల బద్దలైతే బావుండుననిపించింది. యారోమీర్ మాత్రం చాలా శ్రద్ధగా కిటికీకి కట్టిన దుప్పటి చూస్తున్నాడు.

ఇంటికొస్తూ దారిలో నాన్న, "పదిమందిలో పరువు తీశావు కదే," అన్నారు.

"పరువు తీశానా, ప్రశ్న వేశానా?" అంది అమ్మ.

తెల్లారేసరికి నాన్నమ్మకి అక్షరం పొల్లుపోకుండా తెలిసిపోయింది. మా టెలిఫోను తీగ మీద పద్నాలుగు ఇళ్ళుండేవి. ఒక ఇంట్లో గంట మోగితే పద్నాలుగు ఇళ్ళల్లో చెవులు ఆనేవి. "మీ తాత కూర్చున్న కుర్చీని పొయ్యిలో పెట్టమంటోందిట, నిజమేనా? మీ అమ్మతో చెప్పు, ఆ కుర్చీ పరువు దానికేం తెలుసని," అంది నాన్నమ్మ. ఎప్పటిలాగే చెప్పాను. "మీ నాన్నమ్మతో చెప్పు..." అని అమ్మ మొదలెట్టింది. నేను చెప్పులు విసిరేసి గడ్డివాము వెనక్కి పోయి ఏడ్చాను. ఒకరిమీద అని కాదు, ఆ నలభై అడుగుల మీద.

అక్టోబరులో చలి మొదలయింది. మా పొయ్యిల్లోకి మొక్కజొన్న బెండ్లే కదా వంటచెరుకు. గింజ ఒలిచాక మిగిలే బెండ్లు ప్రతి యేడూ కొట్టం నిండా కుప్పపడి ఉండేవి. ఆ యేడు కంకే లేదు, బెండెక్కడిది? కొట్టంలో మిగిలింది నాన్న రెండు చేతుల్తో కొలిచి చూసి, పెద్దింట్లోకొచ్చి ప్రకటించారు: "ఈ చలికాలం ఒకటే పొయ్యి."

"మంచిది. చిన్నింటిది ఆర్పెయ్యమనండి," అంది అమ్మ.

నాన్న పెరడు దాటి వెళ్ళి అక్కడా ప్రకటించారు.

"మంచిమాట. పెద్దింటిది ఆర్పెయ్యమను," అంది నాన్నమ్మ.

నాన్న పెరటి మధ్యలో ఆగి, కాసేపు ఆకాశంలోకి చూశారు. వానకోసమో, ఇంకెందుకోసమో.

నాలుగు రోజులు నాన్నమ్మ రెండు శాలువాలు కప్పుకుని తన చిన్నింట్లోనే కూర్చుంది. అయిదో పొద్దున తలుపు చప్పుడైతే తీశాను. చేతిలో గసగసాలు నూరే మిల్లు, చంకలో పరుపుచుట్ట, నడుముకి కట్టుకున్న ఏప్రన్‌లో సిలువ, జపమాల, చెంచాలు. అమ్మ పొయ్యి ముందునుంచి తిరిగి చూసింది.

"నేను చలికి ఓడిపోయాను గానీ నీకు కాదు," అంది నాన్నమ్మ, మొట్టమొదటిసారి నా మీదుగా కాకుండా, నేరుగా ఆవిడతోనే.

"కాళ్ళు తుడుచుకుని రండి అత్తయ్యా," అంది అమ్మ.

ఆ తర్వాతి వారం గురించి చెప్పాలంటే యుద్ధచరిత్ర రాయాలి. సూప్‌లో ఉప్పు ఒకావిడ వేసిందని తెలీక రెండో ఆవిడా వేసేది. ఒకావిడ పొయ్యి మూత తీస్తే ఇంకొకావిడ వేసేది. పులవబెట్టిన క్యాబేజీలో సోపుగింజలు వెయ్యాలా వద్దా అన్నదాని మీద బుధవారం పొద్దున మొదలైన చర్చ గురువారం దాకా సాగింది. నాన్న ఇంట్లో ఉండలేక ఇంకా ఎక్కువ ఊళ్ళు తిరిగి ప్రచారం చేసుకొచ్చారు. ఆయన గెలుపులో ఆ క్యాబేజీ పాత్ర చాలానే ఉంది. కానీ ఒకటి గమనించాను. ఆ వారంలో "మీ అమ్మతో చెప్పు" అన్న మాట నా చెవిన పడలేదు. తిట్టుకోవాలన్నా ఎదురుగా ఉన్న మనిషిని వదిలి మధ్యలో నన్నెవరు పిలుస్తారు?

ఎన్నికల ముందు శనివారం. ఓట్ల రోజు హాల్లో అమ్మడానికి కొలాచీలు చెయ్యడం మా ఊరి ఆడవాళ్ళ ఆనవాయితీ. పెద్ద చెక్క తొట్టిలో పిండి. ఒకవైపు నాన్నమ్మ చేతులు, ఒకవైపు అమ్మ చేతులు. నేను బల్ల చివర రేగుపళ్ళంతంత ఎండు ప్లమ్ముల్లో గింజలు తీస్తున్నాను.

"ఆ పిల్లాడు లింకన్ పోక తప్పదా?" అని నన్నడిగింది నాన్నమ్మ.

"తప్పదత్తయ్యా," అని అమ్మ జవాబిచ్చింది. "ఇక్కడ ఆవులేవీ, పనేదీ? అయినా మీరు ఇల్లరికం ఇల్లరికం అని పట్టుపడితే వాడు మాత్రం ఏం చేస్తాడు? మన ఎండిపోయిన చేలు కాపలా కాస్తాడా?"

నాన్నమ్మ పిండిని ఒక గుద్దు గుద్దింది. "నాకు కావల్సింది అల్లుడా ఏమిటే? మనిషి! శీతాకాలం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది ఆ చిన్నింట్లో. ఇది పెళ్ళయి పోతే నా గుమ్మం తొక్కేదెవరు? నా గోడలతో నేను పోట్లాడుకోవాలా? అందుకన్నాను ఇక్కడే ఉండమని. ఇప్పుడు ఎంచక్కా నీ పక్కన నిలబడి నీతోనే పోట్లాడుతున్నాను. ఇంకా ఇల్లరికం ఎందుకు?"

అమ్మ చేతులు పిండిలో ఆగిపోయాయి. "ఈ మాట నాకెవ్వరూ చెప్పలేదే!"

"మీ ఆయనతో చెప్పాను. మార్చిలోనే."

అమ్మ పిండిలోకే చూసింది. తర్వాత చాలా నెమ్మదిగా అంది: "హాల్లో చెయ్యాలని నేనెందుకన్నానో మీకు తెలుసా? నా పెళ్ళికి మా నాన్న చర్చి గడప తొక్కనన్నాడు. పూజ అయినంతసేపూ బయట బండి దగ్గర నిలబడ్డాడు. వాన. ఒక్కడే. నేను లోపల మోకాళ్ళ మీద ఉండి, నా పెళ్ళి గురించి కాదు అత్తయ్యా, ఆయన టోపీ తడిసిపోతోందనే ఏడ్చాను. నా కూతురి పెళ్ళికీ ఆయన మళ్ళీ అక్కడే నిలబడతాడు. నేను చూడలేను."

"ఓసి పిచ్చిదానా! పాతికేళ్ళు కడుపులో పెట్టుకున్నావా?"

"నేనూ మీ అబ్బాయితో చెప్పానుగా. ఏప్రిల్‌లో."

సరిగ్గా అప్పుడే నాన్న లోపలికొచ్చారు, చెవిలో పెన్సిలు, చేతిలో కాయితం. రోజూ లాగే ఎటువైపు ఏ మాట ఉందో రాసుకోవడానికి. ఇద్దరూ పిండి చేతుల్తో ఆయనవైపు తిరిగారు.

"ఒరే వోయ్తా, నేను చెప్పింది దీనికెందుకు చెప్పలేదురా?"

"నేను చెప్పింది అత్తయ్యకెందుకు చెప్పలేదండీ?"

నాన్న ఆవిణ్ణి చూశారు, ఈవిణ్ణి చూశారు. "ఉన్నదున్నట్టు చెప్తే ఇద్దరూ బాధపడతారని... కాస్త మెత్తగా చేసి చెప్దామని..."

"మెత్తగా చేసి?"

"మెత్తగా చేసీ చేసీ..." నాన్న గొంతు సవరించుకున్నారు. "చివరికి అసలు చెప్పనే లేదు."

ఎవరూ కోప్పడలేదు. నాన్నమ్మ మళ్ళీ పిండిలోకి చేతులు పెట్టింది. "ఇరవై ఏడు, మంగళవారం. పొద్దున చర్చి. సాయంత్రం హాలు. కాపురం లింకన్‌లో. ఏమంటావే?"

"అలాగే అత్తయ్యా. కానీ మా నాన్న..."

"మీ నాన్న సంగతి నాకొదిలెయ్. ఆ ముసలాయన్ని నేను నీకంటే ముందునుంచి ఎరుగుదును."

నేను ఎండు ప్లమ్ముల గిన్నె మీద మొహం పెట్టి ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను, రెండూ. నాన్న టోపీ తీసి బల్లమీద పెట్టి, పొయ్యి పక్క కుర్చీలో కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్ళూ భుజం భుజం ఆనించి పిండి పిసుకుతున్నారు. ఆయన వాళ్ళని చాలాసేపు చూశారు.

"ఎంతసేపు పట్టిందమ్మా, ఇదంతా?" అని నన్నడిగారు.

"పిండింకా పొంగనే లేదు నాన్నా."

ఆయన చేతిలో కాయితం మడిచి పొయ్యిలో పెట్టారు. సాయంత్రం రెండు ఊళ్ళల్లో ఉపన్యాసాలుంటే వెళ్ళలేదు, గొంతు బాగాలేదని కబురు పంపారు. గొంతు శుభ్రంగా ఉంది. రాత్రి భోజనాల దగ్గర పాట కూడా పాడారు.

నవంబరు ఆరు. మా ఊరి మగవాళ్ళు అంత పొద్దున్నే లేచి ఓటెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. సభ మీద ప్రేమ కాదు, మద్యం మీద నిషేధం ఎత్తెయ్యాలా వద్దా అన్నదీ ఆ రోజే అడిగారు. మర్నాడు టెలిఫోను పొడుగ్గా మోగింది, అందరూ వినాల్సిన వార్త అని గుర్తు. మద్యం గెలిచింది. హ్రూష్కా గెలిచాడు. కింది సభ ఓడిపోయింది. జనం ఒకే రోజు మా నాన్నని సభకీ పంపారు, ఆ సభనీ ఇంటికి పంపారు!

అందరం బల్ల చుట్టూ చేరాం. అప్పుడు అమ్మ ఏప్రన్ అంచుతో కళ్ళు తుడుచుకుంటూ, "నేను సభ ఉండాలనే వేశానండీ," అంది. "ఇన్నాళ్ళూ వద్దు వద్దన్నాను గానీ, లోపలికెళ్ళి కాయితం చేతిలోకి తీసుకునేసరికి మీ మొహమే కనిపించింది."

నాన్న నోరు తెరిచారు. "అయ్యో, నేను తీసెయ్యమనే వేశానే!"

"ఏమిటీ?"

"ఆ పిండి చూశాక కూడా ఇంకా ఏం చెప్పుకు తిరగమంటావు?"

ఇద్దరూ నాన్నమ్మ వైపు చూశారు. తాత కుర్చీకి కాపలాదారు ఆవిడే కదా! నాన్నమ్మ తాపీగా కొలాచీ తుంచుకుంది. "మీ నాన్న పన్నెండేళ్ళు ఆ సభకెళ్ళాడురా వోయ్తా. ఇంటికొచ్చి ఆ సభని తిట్టకుండా ఒక్క రోజూ బూట్లు విప్పలేదు. తీసెయ్యమనే వేశాను. కుర్చీ అంటావా, ఆయన దేనిమీద కూర్చున్నా పెద్దమనిషే."

నాన్న పొట్ట ఊగిపోయేలా నవ్వారు. జనవరిలో వెళ్ళి ఆ వంద కుర్చీల్లో ఆఖరిసారి కూర్చున్నారు. మధ్యాహ్నం భోజనానికి రోజూ వెన్న ఫ్యాక్టరీ మీద మా రెండు గదులకి వచ్చేవారు. మీగడ బిల్లు అప్పుడూ పాసు కాలేదు. "ఈసారి మాత్రం ఎవరు చంపారో నాకు తెలుసు, ఆ తలుపేసిన గదిలో నేనూ ఉన్నాను," అని చెప్పి, ఇంకో రెండు పిండిముద్దలు వేసుకున్నారు.

అయ్యయ్యో, పెళ్ళి చెప్పకుండా ముందుకి పోయాను. మంగళవారం పొద్దున చలిగా, ఎండగా, దుమ్ము లేకుండా తెల్లారింది. నాకు అమ్మ పెళ్ళిగౌను, నాన్నమ్మ అల్లిన ముసుగు. అమ్మవైపు తాతకి ఎనభై. తనే గుర్రబ్బండి తోలుకుంటూ వచ్చి, చర్చి గేటు దగ్గర దిగి, మా ఫోర్డుకి ఆనుకుని పైపు వెలిగించాడు.

"నాన్నా, ఒక్కసారి లోపలికి రా," అంది అమ్మ.

"నాకు దేవుడితో ఏ పేచీ లేదు తల్లీ. ఆయన గుమాస్తాలతోనే. నువ్వు పద, పిల్ల చలికి వణుకుతోంది."

అమ్మ మొహం ఎట్లా అయిపోయిందో చెప్పలేను. నా చెయ్యి పట్టుకుని, వెనక్కి చూస్తూనే లోపలికి నడిచింది. యారోమీర్ గుబురు మీసం దువ్వుకుని పీఠం ముందు నిలబడి ఉన్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చుంటూ పక్కకి చూశాను. ముందు వరసలో నాన్నమ్మ చోటు ఖాళీ. చర్చి చర్చి అని తొమ్మిది నెలలు పట్టుపట్టిన మనిషి! అలిగిందా? పడిపోయిందా? ఫాదర్ లాటిన్‌లో ఏం చదివారో, నేనేం ప్రమాణం చేశానో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. యారోమీర్‌ని అడగండి, అతనికి గుర్తుంది. ఇంకోటి గమనించాను, అంత చలిలోనూ చర్చి తలుపులు బార్లా తీసే ఉన్నాయి, ఫాదర్ ఎందుకనో మామూలుకన్నా రెట్టింపు గొంతుతో చదువుతున్నారు.

పూజ అయి బయటికొచ్చాం. గంటలు మోగుతున్నాయి. ఫోర్డు వెనక సీట్లో, ఒకటే గొంగళి మోకాళ్ళ మీద కప్పుకుని, తాతా నాన్నమ్మా. ఆవిడ చేతిలో జపమాల, ఆయన చేతిలో పైపు. కారు ఊగిపోతోంది, వాళ్ళ పోట్లాటకి.

"పద్దెనిమిది వందల తొంభైలో మీ ఆయన మా రైతులకి మాటిచ్చి గెలిచాడు చెల్లెమ్మా, సభకెళ్ళాక రైలువాళ్ళకి..."

"నోరు ముయ్యండి అన్నయ్యగారూ! ఆ బిల్లుకి మా ఆయన ఓటేశాడు, మీ సెనేటరు నిద్రపోయాడు!"

"నాన్నమ్మా!" అన్నాను. "నా పెళ్ళికి లోపలికి రాకుండా ఇక్కడ కూర్చున్నావా?"

"పెళ్ళి చర్చిలో కావాలన్నాను గానీ నేను చర్చిలో ఉంటానన్నానా? తలుపు తీసి ఉంచమన్నాను, ఫాదర్‌ని అరవమన్నాను, అంతా వినిపించింది. మీ తాతని ఒంటరిగా వదిలేస్తే ఎట్లా?" అని, ఆయన మెడకి మఫ్లరు బిగించి, "ఆఁ, ఎక్కడున్నాం మనం? తొంభై ఒకటి," అంది.

అమ్మ నా పక్కనే నిలబడి చూస్తోంది. ముక్కు ఎగబీల్చి, కారు తలుపు తీసి, "అత్తయ్యా, కాస్త జరగండి," అని ఆ ఇద్దరి మధ్యలో దూరి, గొంగళి తన మీదికి లాక్కుని కూర్చుంది.